పోరా అంటే వచ్చే దొర

"ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. పోరా, పోరా, పోరా అని గొంతు చించుకున్నాను," అన్నాడు పెదనాన్న. "అన్నకొద్దీ మీదికొచ్చింది."

"చెయ్యి కదపకండి బావగారూ. కట్టు వదులైపోతుంది," అంది అమ్మ.

హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడాయన. కుడి మణికట్టు వాచి, గడియారం పట్టీ పట్టనంత లావైంది. విరగలేదు, బెణికిందంతే అని వీధి చివర డాక్టరు చెప్పి పంపాడు. అమ్మ తన కుట్టుగదిలోంచి లైనింగు గుడ్డ పొడుగ్గా చింపి తెచ్చి, చొక్కాకి కాలరు కుట్టినంత శ్రద్ధగా కట్టు కడుతోంది.

నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో ఫోను ఉంది. అన్నగారి ముఖం చూడలేక ఫోను వైపు, ఫోను చూడలేక నేల వైపు చూస్తున్నాడు.

ఇంత గొడవకీ కారణమైనవాడు గుమ్మానికి అడ్డంగా పడుకుని, ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి, ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు కళ్ళు తిప్పుతున్నాడు. నల్లటి ఒళ్ళు, కళ్ళ పైన రెండు గోధుమరంగు చుక్కలు, సగం గుమ్మం మూసేంత ఛాతీ. రాట్‌వీలర్ అనే కుక్కజాతి పేరుకి నానమ్మ నోరు తిరగక మొదట్లో రాట్నం అనేది. కాస్త ఎదిగాక ఆ నడక చూసి, తనే దొర అని పేరు పెట్టింది.

పెదనాన్న పోరా అన్నప్పుడల్లా దొర చెవులు లేచాయి. మూడోసారికి ఒళ్ళు కూడా లేవబోయింది. పక్కనే నేల మీద కూర్చున్న పిల్లమ్మ మెడపట్టీ పట్టుకుని ఆపింది.

"అదిగో చూశావా," అన్నాడు పెదనాన్న. "జరిగింది చెప్పినా పగే దానికి."

పిల్లమ్మ మెడపట్టీ వదల్లేదు. ఆమె అసలు పేరుతో తను పనిచేసే కళ్ళద్దాల షాపులో తప్ప ఎవరికీ పనిపడదు. అడుగు చప్పుడు కాకుండా తిరుగుతుందని చిన్నప్పుడు ఇంట్లో పిల్లి అనేవాళ్ళు. ఉద్యోగంలో చేరాక చివర అమ్మ తగిలించి పిల్లమ్మని చేశారు. గౌరవం పెరిగింది గానీ మాట పెరగలేదు.

"నేను ఆ రోజే చెప్పాను," అన్నాడు పెదనాన్న. "కుక్కని ఎన్నడూ పెంచి ఎరగని ఇల్లు ఇది. తెల్లగా, ఒళ్ళో పట్టేది, చెప్పింది వినేది ఒకటి తెచ్చుకోండన్నాను. ఈ జాతికి తనకంటూ ఒక బుర్ర ఉంటుంది, చెయ్యి తిరిగినవాళ్ళకి తప్ప లొంగదు అన్నాను. ఎవరు విన్నారు? పిల్లి వెళ్ళి పులిని ఎంచుకొచ్చింది."

"అన్నయ్యా, ఇప్పుడవన్నీ ఎందుకు," అన్నాడు నాన్న.

"ఎందుకేంట్రా? సర్వీసంతా డ్రిల్లు మాస్టారుగా చేశాను. నా గొంతు వింటే గ్రౌండు అవతల సైకిలు తొక్కేవాడు దిగి నిలబడేవాడు. అలాంటిది ఒక కుక్క..."

"చైను పడిపోయి దిగాడేమో," అన్నాడు అన్నయ్య మెల్లగా. అతనికి మోటారుసైకిళ్ళ రిపేరు షెడ్డు ఉంది. లోకంలో ఏ బండి ఎందుకు ఆగినా అతనికి కారణం తెలుసు.

పెదనాన్న విన్నాడో లేదో గానీ అటు చూడలేదు.

కట్టు ముడి వేసి అమ్మ లేచింది. వేడినీళ్ళ గిన్నె పట్టుకుని వంటింటి వైపు వెళ్తూ, గుమ్మం దగ్గర ఆగి, "జరుగు నాన్నా," అంది. దొర లేచి పక్కకి జరిగి, ఆమె దాటాక మళ్ళీ పాత చోటే పడుకున్నాడు.

"అదీ సంగతి," అన్నాడు పెదనాన్న. "వినడం చేతకాక కాదు. ఎవరి మాట వినాలో అదే తేల్చుకుంటుంది. పొగరు."

అమ్మకి అసలు కుక్క అంటేనే ఇష్టం లేదు. కుట్టే బట్టలకి వెంట్రుకలు అంటుకుంటాయని తెచ్చిన రోజే అలిగింది. అయినా దొర ఆమె మాట ఒక్కటే వింటాడు. ఇంట్లో అందరికీ ఇదొక వింత, పిల్లమ్మకి ఇదొక బాధ. ఎంచుకున్నది తను. పెట్టేది తను, తిప్పేది తను. వినేది మాత్రం అమ్మ మాట.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "దీన్ని మనకిచ్చిన వ్యానాయనతో మాట్లాడాను. రేపు పొద్దున్నే వస్తానన్నాడు. వెనక్కి తీసుకెళ్ళిపోతాడు."

వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు వినిపించి ఆగిపోయింది.

"వద్దు," అంది పిల్లమ్మ.

"ఏంటమ్మా?"

"దొరని పంపొద్దు నాన్నా."

నాన్న వచ్చి ఆమెకి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని ఆమెకి అనిపించింది.

"మీ పెదనాన్న పడిపోయాడు తల్లీ. ఈసారి మణికట్టుతో పోయింది. రేపు నానమ్మ మీదికి దూకితే? ఆవిడ ఎముకలు ఎంతని తట్టుకుంటాయి? నువ్వే చెప్పు."

పిల్లమ్మ దొర మెడ మీద చెయ్యి వేసి, వేళ్ళతో ఆ దట్టమైన బొచ్చు పాయలు తీస్తూ కూర్చుంది. తప్పు కూడా కాదు నాన్న అన్నది.

*

పెరట్లో గచ్చు మీద దొర పడుకుంటే, వాడి పొట్టకి వీపు ఆనించి పిల్లమ్మ కూర్చుంది. సాయంత్రం ఇంకా వెలుతురు ఉంది. తీగ మీద అమ్మ ఆరేసిన టేపులు, గుడ్డపట్టీలు గాలికి ఊగుతున్నాయి.

వీడిని ఎంచుకున్న రోజు ఆమెకి బాగా గుర్తుంది. వ్యానాయన షెడ్డులో చప్పట్లు కొడితే కుక్కపిల్లలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ పరిగెత్తుకొచ్చాయి. ఒక్కడు మాత్రం రాలేదు. పాత చెప్పు ఒకటి కొరుకుతున్నవాడు తలెత్తి చూశాడు. చప్పట్లు ఎవరు కొడుతున్నారో చూశాడు, ఎందుకు కొడుతున్నారో ఆలోచించాడు. చెప్పు కొరకడం పూర్తి చేసి, అప్పుడు లేచి నడుచుకుంటూ వచ్చి ఆమె పాదం మీద కూర్చున్నాడు.

"అది మొండిదమ్మా. మొదటిసారి పెంచేవాళ్ళకి నేను ఇవ్వను," అన్నాడు వ్యానాయన.

"ఇదే కావాలి," అంది పిల్లమ్మ. ఆమె అంత గట్టిగా ఏదీ అడగడం నాన్న అంతకుముందు చూడలేదు. అందుకే కాదనలేకపోయాడు.

మొదటి మాట తనే నేర్పింది. కోడిగుడ్డు ఉడకబెట్టి, చిన్న చిన్న ముక్కలు చేసి, పెరట్లో ఈ చివర తను కూర్చుని రా అనేది. వాడు వచ్చి ఛాతీ మీద ముందుకాళ్ళు వేసి నిలబడితే ముక్క నోట్లో పెట్టేది. చంకలో పట్టేంత వాడు అలా నిలబడితే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి మురిసిపోయేవాళ్ళు. వచ్చేపోయేవాళ్ళకి కూడా చూపించారు. తరవాత కూర్చో నేర్పింది. తరవాత ఆగు. ఆ రెండూ ఒకరోజు వచ్చేవి, ఒకరోజు వచ్చేవి కావు.

వెనక తలుపు తెరుచుకుంది. నానమ్మ గుమ్మంలో నిలబడి వెనక వీధిలో ఉన్న అన్నయ్య షెడ్డు వైపు అరిచింది.

"ఒరేయ్, షెడ్డు మూసి భోజనానికి ఎప్పుడొస్తావురా?"

పిల్లమ్మ వీపు వెనక ఆసరా మాయమైంది. ఆమె వెల్లకిలా పడబోయి చేతులు ఆనించుకుంది. దొర అప్పటికే నానమ్మ ముందున్నాడు.

"నిన్ను కాదురా," అంది నానమ్మ.

దొర ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఒసేయ్ పిల్లీ, చూడవే వీడిని. పోరా. అవతలికి పోరా నా బాబే."

దొర ముందుకాళ్ళు నేల వదిలాయి. పిల్లమ్మ పరిగెత్తి మెడపట్టీ పట్టుకుంది. నానమ్మ తలుపుచాటుకి తప్పుకుని, "ఏం మనిషిరా నువ్వు," అని కుక్కని అడిగింది. దొర ఆవిడ వైపే గుంజాడు.

పిల్లమ్మ వాడి ముఖం చూసింది. కోపం లేదు. పళ్ళు బయటపెట్టలేదు. నాలుక వేలాడేసి, కళ్ళు మెరిపిస్తూ, కోడిగుడ్డు ముక్క కోసం నిలబడ్డవాడి ముఖం అది.

ఆమె చెయ్యి మెడపట్టీ మీదే ఆగిపోయింది.

"నానమ్మా, నువ్వు లోపలికి వెళ్ళి తలుపు వేసుకో. నేను చెప్పేదాకా ఎవర్నీ రానివ్వకు."

"ఎందుకే?"

"పని ఉంది."

కళ్ళద్దాల షాపులో ఆమె పని ఒక్కటే. వచ్చినవాళ్ళ ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, అందులో ఒక్కో అద్దం మారుస్తూ, గోడ మీది అక్షరాలు ఇది బాగా కనిపిస్తుందా, ఇది బాగా కనిపిస్తుందా అని అడగడం. చేరిన కొత్తలో తొందరపడి రెండు అద్దాలూ ఒకేసారి మార్చేది. ఓనరమ్మ చేతి మీద చిన్నగా కొట్టి, ఒకటి మార్చు, మిగతాదంతా అలాగే ఉంచు, లేకపోతే చూపు దేనివల్ల వచ్చిందో నీకెలా తెలుస్తుందని చెప్పింది. మాట సరిగ్గా రాని పిల్లమ్మకి ఆ పని చేతికి బాగా వచ్చింది.

ఆమె దొరకి ఎదురుగా నిలబడింది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ముఖం కదలకుండా, గొంతు పెంచకుండా, "కూర్చో," అంది.

దొర కూర్చున్నాడు.

అదే చోట నిలబడి, అదే గొంతుతో, "కూర్చోరా," అంది.

దొర లేచి ఆమె దగ్గరికి వచ్చాడు.

ఆమె వాడిని వెనక్కి తీసుకెళ్ళి నిలబెట్టింది. "ఆగు." ఆగాడు. "ఆగరా." వచ్చాడు.

"పో," అంది. ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు. తల పక్కకి వంచి చూశాడు గానీ కదల్లేదు. "పోరా," అంది. వచ్చాడు. ఛాతీ మీద రెండు కాళ్ళూ వేసి, ఆమెని గోడదాకా నెట్టుకుపోయి, ముక్క ఏదీ అన్నట్టు ముఖంలో ముఖం పెట్టాడు.

పిల్లమ్మ గోడకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. తీగ మీది గుడ్డపట్టీ ఒకటి జారి ఆమె తల మీద పడినా తీసుకోలేదు.

మొండివాడు కాదు వీడు. నేర్పిన మొదటి మాటని ఇంట్లో ఎవరు ఎక్కడ పారేసినా ఏరుకుని వస్తున్నాడు.

*

"అంటే," అన్నాడు అన్నయ్య భోజనాల దగ్గర, చెయ్యి కంచంలో ఆపి, వరండాలో ఉన్న దొరకి వినిపించకుండా గొంతు తగ్గించి, "ఇంట్లో నేను రోజూ తినే తిట్లన్నీ వాడికి పిలుపులన్నమాట. లేవరా, స్నానం చెయ్యరా, ఎక్కడ తిరిగావురా. అందుకా పొద్దున్నే నానమ్మ నన్ను లేపితే వాడొచ్చి నా పొట్ట మీద ఎక్కేది?"

"అవును," అంది పిల్లమ్మ.

"మరి అమ్మ మాట?"

"అమ్మ నాన్నా అంటుంది. జరుగు నాన్నా, లే నాన్నా. ఒక్కరోజు కూడా రా అనలేదు."

అమ్మ వడ్డిస్తున్న గరిటె ఆపి కుక్క వైపు చూసింది. మొదటిసారి కాస్త గర్వంగా చూసింది.

"పేరు కూడా కలిసొచ్చింది," అన్నాడు అన్నయ్య. "దొరా అని పిలిస్తే చివర అదే కదా. నానమ్మా, ఎంత మంచి పేరు పెట్టావే నువ్వు."

"నాకేం తెలుసురా," అంది నానమ్మ. వరండా గుమ్మంలోంచి దొర లేచి వచ్చాడు. ఆవిడ కంగారుపడి, మాట వెతుక్కుని, ఎలాగూ దొరకక, "కూర్చోండి దొరగారూ," అంది.

దొర కూర్చున్నాడు.

అన్నయ్యకి పొలమారింది. నాన్న ముఖం పక్కకి తిప్పుకున్నాడు గానీ భుజాలు కదిలాయి. ఆ సాయంత్రం నుంచి మొదటిసారి ఇల్లు ఇల్లులా ఉంది.

పెదనాన్న మాత్రం నవ్వలేదు. ఎడమచేత్తో తినడం అలవాటు లేక సగం వదిలేసిన కంచం ముందు నిటారుగా కూర్చున్నాడు.

"అయితే తప్పు నా నోటిదన్నమాట."

హాలు మళ్ళీ చల్లబడింది.

"అలా అనలేదు పెదనాన్నా," అంది పిల్లమ్మ.

"ఇంకెలా అన్నట్టు? కింద పడ్డది నేను. కట్టు నా చేతికి. తప్పు నా నోటికి."

"మీ ఒక్కరిదే కాదు. ఇంట్లో అందరిదీ. మొదట నేర్పింది నేను కాబట్టి ముందు నాది."

"నా మాటలు వినమ్మా. ఈ నోటితో ఎన్ని వేల మంది పిల్లల్ని పరిగెత్తించాను. పరిగెత్తరా, ఆగరా, వంగరా. ఏ ఒక్కడూ తప్పుగా అర్థం చేసుకోలేదు. ఇప్పుడీ వయసులో ఒక కుక్క కోసం నా నోరు నేను దిద్దుకోవాలా? కుక్క మన మాట నేర్చుకోవాలా, మనం కుక్క మాట నేర్చుకోవాలా?"

"ఒక్క అక్షరమే పెదనాన్నా," అంది పిల్లమ్మ, లేవబోయిన దొర మెడపట్టీ పట్టుకుని.

"ఒక్క అక్షరం," అన్నాడాయన. నాన్న వైపు తిరిగాడు. "వీడిని నేను పుట్టినప్పటి నుంచి ఏరా అంటున్నాను. రేపటి నుంచి ఏమనాలి? ఏమండీ అనాలా?"

"నన్నెందుకు, నన్ను అనొచ్చులే," అన్నాడు నాన్న. "నువ్వు ఏరా అనకపోతే నాకు కోపంగా ఉన్నావేమో అనిపిస్తుంది."

"నిన్నంటే అదొస్తుంది కదరా."

పిల్లమ్మ చేతిలోంచి జారి దొర వచ్చాడు.

కుర్చీ దగ్గరికి వచ్చి, పెదనాన్న మోకాలి ముందు నిలబడి, ముఖం ఎత్తి చూశాడు. పెదనాన్న కట్టుకట్టిన చెయ్యి ఛాతీకి హత్తుకుని బిగుసుకుపోయాడు. పిల్లమ్మ, "కూర్చో," అంది. దొర అక్కడే, ఆయన పాదాల మీదే కూర్చున్నాడు.

ఆ బరువుని పెదనాన్న కాసేపు భరించాడు. తరవాత పాదాలు మెల్లగా లాక్కుని లేచి, ఎవరి వైపూ చూడకుండా మేడమీది తన గదికి వెళ్ళిపోయాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగిపోయేదాకా అందరూ కంచాల వైపే చూశారు.

"నాన్నా," అంది పిల్లమ్మ, "వ్యానాయనకి రావద్దని చెప్పు."

నాన్న కంచం పక్కకి జరిపాడు. ఆయన ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. జబ్బు తెలిసినంత మాత్రాన మిషను నడవదని రోజూ చూసేవాడు.

"నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కళ్ళతో చూశాను. కానీ ఈ ఇంట్లో మీ పెదనాన్న భయపడుతూ మెట్లు దిగకూడదు. దొర ఉండాలో పోవాలో నేను చెప్పలేను. పడ్డవాడు చెప్పాలి. పొద్దున వ్యానాయన వచ్చేలోగా పెదనాన్న ఒప్పుకుంటే ఉంటాడు. లేకపోతే పంపించేస్తాను. నువ్వు ఏడవకూడదు."

"ఏడవను," అంది పిల్లమ్మ. "ఒప్పుకుంటారు."

నాన్న ఆమెని కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

*

తెల్లవారి పిల్లమ్మ పెరట్లో పళ్ళు తోముకుంటుంటే మేడమీది కిటికీలోంచి పెదనాన్న గొంతు వినిపించింది. ఎవరితోనో మాట్లాడుతున్నట్టు లేదు. ఒక్కో మాటా విడివిడిగా, ఇటుకలు పేర్చినట్టు పడుతోంది.

"పో. కూర్చో. ఆగు." కాసేపు ఏమీ లేదు. "ఆగరా... ఛ. ఆగు. ఆగు."

పిల్లమ్మ నీళ్ళ చప్పుడు కాకుండా కుళాయి కట్టేసింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడి విన్నది. దొర కూడా విన్నాడు. ఆగరా అన్నప్పుడు కిటికీ వైపు చూసి తోక ఊపాడు.

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పెదనాన్న కిందికి దిగి వస్తే తనే చెబుతాడు. కానీ ఆయన టీకి దిగలేదు. అమ్మ పైకి తీసుకెళ్తే, అక్కడ పెట్టమన్నాడట, అంతే.

వ్యానాయన అన్నమాట ప్రకారం పొద్దున్నే వచ్చాడు. వ్యాను వెనక్కి నడిపి, వెనక తలుపులు సరిగ్గా గేటులోకి వచ్చేలా ఆపాడు. లోపల ఇనుప పంజరం, అడుగున గోనెసంచి.

"నాదే పొరపాటు," అన్నాడు దిగుతూనే నాన్నతో. "ఇలాంటి జాతిని మొదటిసారి పెంచేవాళ్ళ చేతిలో పెట్టకూడదు. ఆ రోజు అమ్మాయి ముఖం చూసి మెత్తబడ్డాను. ఏం పరవాలేదు, దీనికి చోటు చూశాను. ఇనుము గోడౌను ఆయన అడుగుతున్నాడు. గేటు దగ్గర గొలుసు వేసి ఉంచుతాడు. మనుషులతో పని ఉండదు దానికి."

నాన్న మేడ మెట్ల వైపు చూశాడు. మెట్లు ఖాళీగా ఉన్నాయి.

"మీరు పొరపాటున ఇవ్వలేదు," అంది పిల్లమ్మ.

వ్యానాయన ఆమె వైపు తిరిగాడు.

"నేను చూసుకునే తీసుకున్నాను. వీడికి బుర్ర ఉందనే తీసుకున్నాను. పొరపాటు ఎక్కడ జరిగిందో నిన్న తెలిసింది. వీడిది కాదు, మాది. దిద్దుకుంటున్నాం."

కుట్టుగది కిటికీలోంచి అమ్మ, వంటింటి గుమ్మంలోంచి నానమ్మ, షెడ్డుకి బయల్దేరుతూ ఆగిపోయిన అన్నయ్య, ముగ్గురూ ఆ గొంతు ఎవరిదా అన్నట్టు చూశారు.

"దిద్దుకుంటే మంచిదేనమ్మా. మరి నన్నెందుకు పిలిచారు?"

"మా పెదనాన్న ఇంకా దిగలేదు. ఆయన చెప్పాలి."

వ్యానాయన గడియారం చూసుకున్నాడు. గేటు స్తంభానికి ఆనుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.

"నేను ఇంకా రెండు చోట్లకి వెళ్ళాలండీ," అన్నాడు నాన్నతో. "మీరు తేల్చుకోలేకపోతే వాడినే తేల్చుకోనిద్దాం. అమ్మా, ఆ పట్టీ తియ్యి. లాగి ఎక్కిస్తే బెదురుతాడు. పిలిస్తే వాడే వస్తాడు."

నాన్న తల ఊపాడు. పిల్లమ్మ వంగి పట్టీ కొక్కెం విప్పింది. "కూర్చో," అంది. దొర వాకిట్లో రాతిపలక మీద కూర్చున్నాడు.

వ్యానాయన పంజరం తలుపు తెరిచి, రేకు మీద అరచేత్తో తట్టాడు.

"రా."

దొర లేచాడు.

"కూర్చో," అంది పిల్లమ్మ.

దొర కూర్చున్నాడు. పూర్తిగా కాదు. వెనకకాళ్ళు రెండూ వణుకుతున్నాయి. వాడి కళ్ళు ఇటూ అటూ తిరిగాయి. రా అనే మాట నేర్పినది ఒకరు, ఇప్పుడు అంటున్నది ఇంకొకరు.

"రా రా, దొరా. రా."

ఇన్ని పిలుపులు ఒకేసారి వాడు ఎన్నడూ విని ఉండడు. లేచి వ్యాను వైపు నడిచాడు. రెండు అడుగులు వేసి వెనక్కి చూశాడు. పిల్లమ్మ నోరు తెరిచింది.

"ఎక్కడికిరా?"

ఆ గొంతు మెట్ల మీది నుంచి వచ్చింది.

పెదనాన్న కింది నుంచి మూడో మెట్టు మీద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎడమచేత్తోనే గడ్డం గీసుకున్నట్టున్నాడు, చెంప మీద చిన్న గాటు ఉంది. ఆ మాట ఆయన అనుకుని అన్నది కాదు. కన్నబిడ్డ చెప్పకుండా గడప దాటుతుంటే అన్నట్టు, నోట్లోంచి దానంతట అది జారింది.

జారిందని ఆయన ముఖానికి వెంటనే తెలిసింది.

దొర గిరుక్కున తిరిగాడు. వ్యాను వెనకబడింది. వాకిలి, రాతిపలక, కుళాయి గట్టు అన్నీ వెనకబడ్డాయి. చెవులు వెనక్కి పడిపోయి, నాలుక పక్కకి వేలాడుతూ, తనకి తెలిసిన అన్నిటికంటే మంచి మాట కోసం ఒళ్ళంతా ఒక్కటి చేసుకుని మెట్ల వైపు దూసుకుపోయాడు.

"ఆగరా," అని అరిచాడు నాన్న.

"ఒరేయ్," అంది నానమ్మ.

దొర వేగం పెరిగింది. పెదనాన్న వెనక మెట్లు తప్ప చోటు లేదు. కట్టుకట్టిన చెయ్యి ఛాతీ మీదికి వచ్చేసింది.

పిల్లమ్మ నాలుక మీద మాట సిద్ధంగా ఉంది. తను అంటే వాడు కూర్చుంటాడు. కానీ తను అంటే ఈ వాకిట్లో ఏదీ తేలదు. ఇంతవరకూ ఆమె చాలాసార్లు నోరు మూసుకుంది. కావాలని మూసుకోవడం ఇదే మొదలు. పెదనాన్న కళ్ళలోకి చూసి, అనండి అన్నట్టు తల ఊపింది.

ఆయన ఆమెని చూశాడు. వస్తున్నవాడిని చూశాడు. ఎడమచెయ్యి ఎత్తి, అరచెయ్యి చూపించి, గ్రౌండు అవతలి సైకిలువాడు దిగి నిలబడే గొంతుతో, "కూర్చో," అన్నాడు.

అలవాటుగా చివర వచ్చే ఆ ఒక్క అక్షరం కోసం తెరుచుకున్న ఆయన నోరు మాత్రం ఇంకా మూతపడలేదు.